ముడతలు చూసి మురిసిపోకు

చిరంజీవి శిరీషకు ఆశీస్సులు.

షార్‌పే జాతి కుక్కపిల్లను తెచ్చుకోవాలని ఉందని రాశావు. తెచ్చుకో తల్లీ, కానీ ముడతలు తక్కువున్న పిల్లనే ఎంచుకో.

ఈ జాతి పుట్టిల్లు దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని దాలీ. రైతుల ఇంటికి కాపలా, అడవిపందుల వేట, తర్వాత కుక్కల కొట్లాట పందేలు, ఇవీ దాని పనులు. షార్‌పే అంటే ఇసుక తోలు. వెంట్రుకలకు ఎదురు నిమిరితే గరుకు కాగితంలా అరచేతికి గుచ్చుకుంటుంది. తోలు వదులు కాబట్టి ఎదుటి కుక్క పట్టుకున్నా గిర్రున తిరిగి కరిచేది. కమ్యూనిస్టు పాలన వచ్చాక చైనాలో దాదాపు కనుమరుగైంది. 1973లో హాంకాంగ్‌కు చెందిన కుక్కల పెంపకందారు మాట్గో లా, దీన్ని కాపాడమని అమెరికా శునకప్రియులకు విజ్ఞప్తి చేశాడు. జాతి అలా నిలబడింది. కానీ అక్కడ ముడతలకు గిరాకీ పెరిగి మూతి ఉబ్బింది, తోలు మందమైంది. దాలీ పాతరకానికి ఇన్ని ముడతలు లేవు.

ముడతలకూ, ఈ జాతికి వచ్చే షార్‌పే జ్వరానికీ ఒకే జన్యుమార్పుతో సంబంధం ఉందని 2011లో పరిశోధకులు చెప్పారు. ఉన్నట్టుండి ఒళ్లు 103 నుంచి 107 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాలిపోతుంది, వెనకకాలి మడమ కీలు వాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గిందని వదిలేయకు. మాటిమాటికీ వస్తే అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుని మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంట్లో థర్మామీటర్ ఉంచు, ఏడాదికోసారి మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించు. మనుషుల జ్వరం బిళ్ల మాత్రం వెయ్యొద్దు, కుక్కలకు విషమవుతుంది. కొనేముందు తల్లికీ తండ్రికీ ఈ జ్వరం వచ్చిందేమో గట్టిగా అడుగు.

పిల్ల కళ్లు దగ్గరగా చూడు. నీళ్లు కారుతూ కన్ను చికిలిస్తోందంటే రెప్ప లోపలికి ముడుచుకుని వెంట్రుకలు కనుగుడ్డును గీస్తున్నాయన్నమాట. చిన్నప్పుడే పశువైద్యుడు తాత్కాలికంగా కుట్లు వేసి రెప్పను బయటికి నిలుపుతారు. ఆలస్యమైతే కనుగుడ్డు మీద పుండు పడుతుంది.

ముడతల్ని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దు. తడి మిగిలితే ఎర్రబడి కంపు కొడుతుంది. చెవిరంధ్రం ఇరుకు, పుల్లలు పెట్టొద్దు. మన ఎండలకు మధ్యాహ్నం బయటికి తీయనే తీయకు.

ఇంటివాళ్లంటే ప్రాణమిస్తుంది, కొత్తవాళ్లను దగ్గరికి రానివ్వదు. అందుకే మూడో నెల నుంచే రకరకాల మనుషుల్ని, చప్పుళ్లను అలవాటు చెయ్యి. ముడతల వల్ల పక్కచూపు తక్కువ. వెనకనుంచి తాకితే ఉలిక్కిపడి కరవొచ్చు, ఎదురుగా వచ్చి పిలిచి మరీ తాకమని పిల్లలకు చెప్పు. నాలుక నీలినలుపుగా ఉంటే కంగారుపడకు, అది జాతి లక్షణమే.

ఇట్లు,
మీ పెదనాన్న