పేషెంట్ ఆగారా, నెట్ ఆగిందా?

ప్రశ్న: సైకియాట్రీ పీజీ మొదటి సంవత్సరం. వారానికోసారి జూమ్‌లో కేస్ కాన్ఫరెన్స్ ఉంటుంది. పేషెంట్ ఇంటర్వ్యూ వీడియో వేస్తే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, మాటలు సగం వినపడవు. ఫోన్లో స్క్రీన్ రికార్డ్ చేసుకుని మళ్లీ చూసుకుందామనుకుంటున్నా. ఏ యాప్ మంచిది?
- ఒక డాక్టర్, విశాఖపట్నం

జవాబు: ఆగిన బొమ్మను రికార్డ్ చేస్తే ఆగిన బొమ్మే వస్తుందండీ. మందు వేయాల్సింది వీడియో ప్లే చేసేవారి ల్యాప్‌టాప్‌కి. స్క్రీన్ షేర్ నొక్కగానే వచ్చే విండోలో అడుగున ‘షేర్ సౌండ్’, ‘ఆప్టిమైజ్ ఫర్ వీడియో క్లిప్’ అని రెండు ఆప్షన్లు ఉంటాయి. రెండూ టిక్ చేయమనండి. చాలామంది ఇవి వదిలేసి, స్పీకర్లో వీడియో పెట్టి మైకుకు వినిపిస్తారు. అప్పుడు పేషెంట్ సన్నటి గొంతును జూమ్ ‘గోల’ కింద లెక్కగట్టి అణిచేయొచ్చు.

వేరే సబ్జెక్టులో అయితే ఇది చిరాకు, అంతే. మీకు అలా కాదు. ప్రశ్న అడిగాక జవాబు రావడానికి ఎంతసేపు పట్టింది, గొంతు ఎంత తగ్గింది, ముఖంలో కదలిక ఉందా అన్నవే డిప్రెషన్‌ను పట్టించే ఆనవాళ్లు. నెట్ నత్తనడక నడిస్తే చురుకైన మనిషి కూడా మందకొడిగా కనిపిస్తాడు! అనుమానమొస్తే వీడియోలో డాక్టర్ వైపు చూడండి. ఇద్దరూ ఒకేసారి బిగుసుకుపోతే తప్పు నెట్‌దే.

ఇక రికార్డింగ్ యాప్ పేరు మాత్రం చెప్పను. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ పేషెంట్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. క్లాసులో చూపించడానికి ఒప్పుకున్న మనిషి మీ గ్యాలరీలో ఉండటానికి ఒప్పుకోలేదు. పైగా బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ క్లిప్ గూగుల్ ఫొటోస్‌లోకీ, అక్కడి నుంచి అదే అకౌంట్ ఉన్న ఇంట్లో ట్యాబ్‌లోకీ పోతుంది. మళ్లీ చూడాలంటే డిపార్ట్‌మెంట్‌లోనే చూపించమని మేడమ్‌నో సార్‌నో అడగండి.

ప్రశ్న: పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌ని. డ్యూటీ మానకుండా మానసిక వైద్యం నేర్చుకునే దారి ఉందా?

జవాబు: ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2018లో మొదలుపెట్టిన డిజిటల్ అకాడమీ మీలాంటి వారి కోసమే. అడ్మిషన్ల వివరాలు నిమ్హాన్స్ సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కొద్దు. అక్కడ వాడే, దూరంగా ఉన్న డాక్టర్లకు వీడియో కాల్‌లో నేర్పే ‘ఎకో’ పద్ధతిని డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో హెపటైటిస్-సి కోసం ప్రారంభించారు. మీ కేసు మీరే చెబుతారు, పేరు, ఊరు చెప్పకుండా. నిపుణులతో పాటు మిగతా డాక్టర్లూ దాన్ని చర్చిస్తారు. వింటూ కూర్చునే లెక్చర్ కాదు కాబట్టి మైకున్న హెడ్‌సెట్ ఒకటి కొనుక్కోండి. ఓపీ గది ఫ్యాన్ చప్పుడులో ఫోన్ మైకు పనికిరాదు.