టెక్ సందేహాలు: ఫోర్ లోలో ముందు చక్రాలను విడదీసే స్విచ్

ప్రశ్న: నాబ్ తిప్పి మార్చే పాత స్కార్పియో ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది. చీనీ తోటలో కాయల ట్రాలీని రివర్స్‌లో మెల్లగా నెట్టాలంటే ఫోర్ లో (నాలుగు చక్రాలకూ శక్తి, బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండే లో గేరు) తప్పదు. కానీ గట్టి నేల మీద స్టీరింగ్ తిప్పితే బండి బిగుసుకుపోతోంది, ముందు టైర్లు నేలను గీస్తున్నాయి. లో గేరు ఉండాలి, ముందు చక్రాలు మాత్రం ఊరికే దొర్లాలి. దీనికి విడిగా స్విచ్ పెట్టుకోవచ్చా?
– ఒక రైతు, తాడిపత్రి

జవాబు: పెట్టుకోవచ్చు. ఆఫ్‌రోడ్ వాళ్లు దీన్ని ‘టూ లో’ (వెనుక రెండు చక్రాలకే లో గేరు) అంటారు. ముందుగా ఒక మాట: బండి బిగుసుకుపోవడం రోగం కాదు. ఈ రకం బళ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందుకూ వెనుకకూ పంచే గేర్ల పెట్టె) ముందు, వెనుక షాఫ్టులను ఒక్కటిగా కట్టేస్తుంది, మధ్యలో వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటే ఎక్కువ దూరం నడవాలి. ఇసుకలోనో తడిసిన రేగడిలోనో ఆ తేడా టైరు జారి సర్దుకుపోతుంది. గట్టి నేల మీద జారే వీలు లేక షాఫ్టులు మెలిపడతాయి.

ముందు హబ్‌లు (చక్రాన్ని యాక్సిల్‌కు కలిపే భాగాలు) వాక్యూమ్‌తో, అంటే గాలిని పీల్చే బలంతో, లాకయ్యే బళ్లలో పని తేలిక. వాక్యూమ్‌ను హబ్‌లకు వదిలేది కరెంటుతో తెరుచుకునే ఒక చిన్న సోలెనాయిడ్ వాల్వ్, దానికి కరెంటిచ్చేది ఫోర్ వీల్ డ్రైవ్ మాడ్యూల్ (కంట్రోల్ పెట్టె). ట్రాన్స్‌ఫర్ కేసును ఫోర్ లోలోనే ఉంచి ఈ వాల్వ్‌కు కరెంటు ఆపితే హబ్‌లు విడిపోతాయి. ముందు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, చక్రాలకు మాత్రం శక్తి అందదు.

తీగ తెంచే ముందు పరీక్ష చేయండి. ఇంజిన్ నడుస్తుండగా వాల్వ్ కనెక్టర్‌ను ఊడదీయకుండా, వెనుకవైపు నుంచి మల్టీమీటర్ పిన్నులు దూర్చి రెండు తీగల మధ్య వోల్టేజీ చూడండి. టూ హైలో (వెనుక చక్రాలకే శక్తి, మామూలు గేరు) సున్నా, ఫోర్ హైలోనూ (నాలుగు చక్రాలకూ శక్తి, మామూలు గేరు) ఫోర్ లోలోనూ 12 నుంచి 14 వోల్టులు వచ్చి ఐదు నిమిషాలైనా నిలిచి ఉంటే మీ బండికి ఈ పద్ధతి పనికొస్తుంది. కొన్ని సెకన్లు వచ్చి పోతుంటే అది ఒక్క ఊపుతో లాకయ్యే రకం. దానికి కరెంటు ఆపినా హబ్ విడవదు, కాబట్టి అక్కడితో ఆపేయండి. తర్వాత ఫోర్ లోలో ఆ కనెక్టర్ ఊడదీసి, రెండు మూడు మీటర్లు నేరుగా వెనక్కి వెళ్లి మెలిక వదిలించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదలండి. బండి తేలిగ్గా తిరిగితే సగం పని అయినట్టే. తిరగకపోతే హబ్‌లోని గ్రీజు గట్టిపడిందో, వాల్వ్ ఇరుక్కుందో చూడాలి. స్విచ్ వల్ల అది బాగుపడదు.

కావలసినవి: ఐదు పిన్నుల 12 వోల్టుల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని సాకెట్, లైటున్న ఆన్-ఆఫ్ స్విచ్, 3 ఆంపియర్ల ఫ్యూజు, హోల్డరు, ఒక 1ఎన్4007 డయోడ్, 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ నాలుగైదు మీటర్లు. వాల్వ్ తీసుకునే కరెంటు తక్కువే కాబట్టి ఇంతకన్నా లావు తీగ దండగ.

వాల్వ్ రెండు తీగల్లో, నాబ్ తిప్పినప్పుడు వోల్టేజీ మారే తీగను మాత్రమే కోయాలి. మాడ్యూల్ వైపు కొసను రిలే 30వ పిన్నుకు, వాల్వ్ వైపు కొసను 87ఏకు ఇవ్వండి. కీ ఆన్ చేస్తేనే వచ్చే సప్లై నుంచి ఫ్యూజు, స్విచ్ మీదుగా 86కు, 85 నుంచి బాడీ ఎర్త్‌కు. డయోడ్‌ను 85, 86ల మధ్య, చార ఉన్న కొస 86 వైపు ఉండేలా కట్టండి. తిరగేసి కట్టారా, స్విచ్ వేయగానే ఫ్యూజు పోతుంది. 87ఏ ఎందుకంటే రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే పిన్ను అదే. స్విచ్ చెడినా, ఫ్యూజు పోయినా బండి కంపెనీ నుంచి వచ్చినట్టే నడుస్తుంది. కొందరు 87 వాడి, స్విచ్ వేస్తేనే ఫోర్ వీల్ పనిచేసేలా కడతారు. వంకలో ఇరుక్కున్నప్పుడు ఫ్యూజు పోతే ముందు చక్రాలు ఉండీ లేనట్టే.

స్విచ్ వేశాక ఫోర్ వీల్ లైటు మినుకుమంటే, వాల్వ్ కనబడలేదని మాడ్యూల్ ఫిర్యాదు చేస్తోందన్నమాట. అప్పుడు వాల్వ్ కాయిల్ రెసిస్టెన్సు కొలిచి, దానికి దగ్గరి విలువున్న రెసిస్టర్‌ను 87కూ వాల్వ్ రెండో తీగకూ మధ్య కట్టండి. కాయిల్ 33 ఓములనుకుంటే 14 వోల్టుల దగ్గర దాదాపు 6 వాట్ల వేడి పుడుతుంది, కాబట్టి 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ కావాలి. చేత్తో తాకలేనంత కాలుతుంది. ఇనుప రేకుకు బిగించండి, వైర్ల కట్టకు ఆనించకండి. లైటు మినుకుమనకపోతే 87ను ఖాళీగా వదిలేయండి.

తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం మన ఎండలకు పనికిరాదు. బానెట్ కింద వేడికి టేపు జిగురు కారి జాయింట్ బయటపడుతుంది. క్రింప్ చేసి (లోహపు తొడుగులో నొక్కి బిగించి), వేడికి బిగిసే హీట్ ష్రింక్ గొట్టం వేయించండి. రిలేను డ్యాష్‌బోర్డు కింద, పిన్నులు నేలవైపు ఉండేలా పెట్టండి. ఈ పని చేసేటప్పుడు వాక్యూమ్ గొట్టాలను కూడా వంచి చూడండి. బ్రేక్ బూస్టర్‌కూ హబ్‌లకూ వాక్యూమ్ ఒకే పంపు నుంచి వస్తే, పగిలిన హబ్ గొట్టం బ్రేకు పెడల్‌నూ గట్టిపరుస్తుంది.

వాడకంలో రెండు జాగ్రత్తలు. లో గేరు ఇంజిన్ బలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేస్తుంది. టూ లోలో అదంతా వెనుక యాక్సిల్ ఒక్కటే మోయాలి. ట్రాలీని మెల్లగా నెట్టడానికి ఫరవాలేదు కానీ, గుంతలో దిగిన చక్రాన్ని యాక్సిలరేటర్ తొక్కి లాగితే యాక్సిల్ షాఫ్టో క్రౌన్ పినియనో పోతుంది. ఇక ముందు చక్రాలు మళ్లీ కావాలంటే బండి పూర్తిగా ఆగాకే స్విచ్ ఆపండి. వెనుక చక్రాలు గిర్రున తిరుగుతుంటే ముందు షాఫ్టూ అదే వేగంతో తిరుగుతుంది, నిలిచున్న హబ్ పళ్లు దానికి తగిలి అరిగిపోతాయి.

ప్రశ్న: నాబ్ తిప్పినా ఫోర్ లో పడటం లేదు. మాడ్యూల్ పోయిందని, దాన్ని తీసేసి, ట్రాన్స్‌ఫర్ కేసులో గేరు మార్చే షిఫ్ట్ మోటారుకు నేరుగా అటూ ఇటూ తిప్పే స్విచ్ పెడతానని మెకానిక్ అంటున్నాడు. అప్పుడు అంతా నా చేతిలోనే ఉంటుంది కదా?
– జమ్మలమడుగు

జవాబు: వద్దు. మోటారు ఎక్కడిదాకా తిరిగిందో లోపలి ఎన్‌కోడర్ చెబుతుంది, అది విని మాడ్యూల్ కరెంటు ఆపుతుంది. మీ వేలికి ఆ సంగతి తెలియదు. ఎక్కువసేపు నొక్కితే మోటారు కాలుతుంది. తక్కువసేపు నొక్కితే ఇంకా పెద్ద ప్రమాదం: హైకీ లోకీ మధ్య ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఆగిపోతుంది. అప్పుడు బండిని గేరులో పెట్టి దిగినా చక్రాలకు పట్టు ఉండదు. గండికోట దారిలో ఏ వాలులోనో హ్యాండ్‌బ్రేక్ సరిగా పడకపోతే బండి దొర్లిపోతుంది.

మాడ్యూల్‌ను అనుమానించే ముందు క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ చూడండి. బండి ఆగి, క్లచ్ తొక్కినట్టు సిగ్నల్ వస్తేనే చాలా మాడ్యూళ్లు లోకు ఒప్పుకుంటాయి. ఫోర్ హై పడుతూ లో ఒక్కటే పడకపోతే మొదటి అనుమానం దాని మీదే. తర్వాత మోటారు కనెక్టర్‌లో పచ్చగా పట్టిన తుప్పు, మాడ్యూల్ ఎర్త్ బోల్టు. ఇవి చూడటానికి అరగంట చాలు, మాడ్యూల్ ఖరీదు ఎక్కువ.

ప్రశ్న: డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్. వెనుక చక్రాలకు శక్తిని కలిపే కప్లింగ్‌కు నేరుగా 12 వోల్టులు ఇచ్చి ఎప్పుడూ లాక్‌లో ఉంచొచ్చా? తుంగభద్ర ఇసుకలో దిగబడుతోంది.
– మంత్రాలయం

జవాబు: కూడదు. ఆ కప్లింగ్‌కు కరెంటును మాడ్యూల్ కొద్దికొద్దిగా కొలిచి పంపుతుంది. నేరుగా ఇస్తే కాయిల్ కాలుతుంది, గట్టి రోడ్డు మీద ప్లేట్లు మాడతాయి. వేడెక్కితే వదిలేసే రక్షణ కూడా మాడ్యూల్‌దే, అదీ పోతుంది. ఇసుకలోకి దిగే ముందే నాబ్‌ను లాక్‌లో పెట్టండి, ఈఎస్‌పీ (చక్రం జారితే ఇంజిన్ శక్తి తగ్గించే వ్యవస్థ) ఉంటే ఆపండి, టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దించి నెమ్మదిగా నడపండి, మలుపులు పెద్దగా తిప్పండి. రోడ్డెక్కగానే గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉంచుకోండి.