లూప్ అవతలి కొసలో ఇంజన్ నీరసపడుతుంటే

పెరట్లో వేసిన బొమ్మ రైలుకి 25 మీటర్ల ఇత్తడి పట్టాల లూప్‌లో (చుట్టూ తిరిగి మొదటికొచ్చే దారిలో), కరెంటు ఇచ్చిన చోట బాగా పరుగెత్తే ఇంజన్ అవతలి వైపు ఈడ్చుకుంటూ ఆగిపోతోందని రాశారు. తప్పు ఇంజన్‌ది కాదండీ, పట్టాల కీళ్లది. కీలు దగ్గర రెండు పట్టాల కొసల్ని కలిపే జాయినర్లలోకి తడీ మట్టీ చేరి నల్లటి పొర కడుతుంది, ఒక్కో కీలు దగ్గరా కాస్త వోల్టేజీ పోతుంది.

ఇంజన్ నడుస్తుండగానే మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. ఖాళీ ట్రాక్ మీద అన్నిచోట్లా సరిగ్గానే చూపిస్తుంది, కరెంటు పారనిదే వోల్టేజీ పడిపోదు కదా. ఒకే పట్టా మీద కీలుకు అటొకటి, ఇటొకటి మీటర్ తీగల మొనలు పెట్టండి. 0.1 వోల్టు దాటితే ఆ కీలు విప్పాల్సిందే. పట్టా కొసను ఇత్తడి మెరిసేదాకా గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో రుద్ది, స్క్రూలతో బిగించే రైల్ క్లాంపులు వేయండి. స్టీల్ ఊల్ మాత్రం వద్దు, దాని పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుంటాయి.

తర్వాత కరెంటు ఇచ్చిన చోటి నుంచి 2.5 చదరపు మి.మీ. రాగి తీగలు రెండు లూప్ వెంట పరిచి, 5 మీటర్లకో చోట పట్టాలకు కలపండి. లోపలి పట్టాకు ఒకటి, బయటిదానికి ఒకటి. ఎక్కడైనా తారుమారైతే షార్టే.

ట్రాక్‌ను కాంక్రీటుకు బిగించకండి, కంకరలో వదులుగా ఉంచండి. 30 డిగ్రీల తేడాకు 10 మీటర్ల ఇత్తడి దాదాపు 6 మి.మీ. సాగుతుంది.