మూలమట్టానికి కుదరని స్థలం

లంబకోణం లేని త్రిభుజం వైశాల్యానికి నేర్చుకున్న సైన్ సూత్రాన్ని (రెండు భుజాల లబ్ధంలో సగాన్ని వాటి మధ్య కోణం సైన్‌తో గుణించడం) చదువు అయ్యాక ఎప్పుడైనా వాడారా అని అడిగారు. ఒక్కసారి వాడాను. ఆ ఒక్కసారికే రెండున్నర లక్షల పైన మిగిలింది.

మా ఊరి రోడ్డు మలుపులో మూడు మూలల స్థలం ఒకటి నాన్న బేరమాడారు. గజం 5,000. మధ్యవర్తి టేపు పట్టి రోడ్డు వైపు 80 అడుగులు, పక్క గోడ వెంట 90 అడుగులు చూపించి, "ఎనభై ఇంటూ తొంభై, అందులో సగం 3,600. తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 400 గజాలండీ" అన్నాడు. నాన్న తలూపేశారు. నాకు ఆ మూల చూస్తేనే అనుమానం. మేస్త్రీ లంబకోణం చూసే మూలమట్టం పెడితే కుదిరే మూల కాదది, బాగా మూసుకుపోయి ఉంది.

మూడో వైపు కూడా కొలిస్తే హీరాన్ సూత్రంతో తేలిపోయేది. కానీ అటంతా సర్కారు తుమ్మ, అడుగు పెట్టలేం. కోణమానిని జేబులో వేసుకుని ఊరికి ఎవరెళ్తారు? అందుకే మూల నుంచి రెండు వైపులా పదేసి అడుగుల దగ్గర మేకులు కొట్టి, వాటి మధ్య దూరం కొలిచాను. అదీ పది అడుగులే. మూడూ సమానం, అంటే కోణం 60 డిగ్రీలు.

ఫోన్‌లో సైన్ 60 కొట్టి 3,600తో గుణిస్తే మైనస్ 1,097 వచ్చింది! "ఏరా, మనమే ఎదురు స్థలం ఇవ్వాలా?" అని మా బావ ఒకటే నవ్వు. చూస్తే ఫోన్ డిగ్రీల్లో కాకుండా, కోణాలకు ఇంకో కొలమానమైన రేడియన్లలో ఉంది. డిగ్రీలకు మార్చాక 3,118 చదరపు అడుగులు, అంటే 346 గజాలు. గోడ పొడవు 90 అడుగులే కానీ వాలుగా పోతోంది, రోడ్డు నుంచి అసలు లోతు 78 అడుగులే. మిగతా 54 గజాలు గాల్లో అమ్ముతున్నాడన్నమాట.

ఇంటర్ ఫస్టియర్‌లో త్రిభుజ ధర్మాలని పెద్ద చాప్టర్. అంతర్‌వృత్త వ్యాసార్ధాన్ని మూడు బాహ్యవృత్త వ్యాసార్ధాలతో గుణిస్తే వైశాల్యం వర్గం వస్తుందని పదిసార్లు రాయించారు. ఒక్కసారైనా కాలేజీ గ్రౌండ్ మూల కొలిపించారా? ఊళ్లలో మూల స్థలాల తగాదాలు సగం ఇక్కడే పుడతాయని నా గట్టి నమ్మకం. అన్నట్టు, అవే కొలతలతో మూల విచ్చుకుని 120 డిగ్రీలున్నా ఇదే వైశాల్యం. మా బావ ఇప్పటికీ నమ్మడు.

మధ్యవర్తి మాత్రం "పుస్తకం లెక్క వేరు, భూమి లెక్క వేరు" అని మొండికేశాడు. చివరికి స్థలం యజమానే తుమ్మ కొట్టించాడు. మూడో వైపు 85 అడుగుల 5 అంగుళాలు. హీరాన్‌తో వేసినా 346 గజాలే. రిజిస్ట్రేషన్ కూడా అంతకే అయింది.

నాన్నని అడిగితే, "ఆ తుమ్మేదో ముందే కొట్టిస్తే ఈ మేకుల గోలంతా ఎందుకురా" అంటారు.