కఫం దగ్గు మందు: చెంచా కొలత సరిపోతుందా?

ప్రశ్న: మా వారికి కఫంతో దగ్గు వస్తుంటే సిరప్ తెచ్చి వంటింటి చెంచాతో ఇస్తున్నాను. నాలుగేళ్ల మనవడికీ కొంచెం పోయవచ్చా?
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మనవడికి మాత్రం దయచేసి పోయకండి. అయిదేళ్లలోపు పిల్లలకు దగ్గు మందులు సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో సూచించింది. బాబును పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక మీ వారి విషయానికి వస్తే, వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతలో ఉండవు కనుక, సీసా మూతకు బోర్లించి ఇచ్చే చిన్న కప్పులోనే, 5, 10 మిల్లీలీటర్ల గీతలను కంటికి ఎదురుగా పెట్టుకుని చూస్తూ, డాక్టరు చెప్పినంతే పోయాలి. ఈ మందు కఫాన్ని పలుచన చేసి బయటికి రప్పిస్తుంది కాబట్టి, దగ్గును అణిచే వేరే సిరప్‌ను సొంతంగా కలిపి వాడకూడదు. బీపీ, షుగరు ఉంటే మందుల షాపులో ముందే చెప్పండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే కఫం పరీక్ష తప్పనిసరి. రక్తం పడినా, ఆయాసం వచ్చినా ఒక్కరోజు కూడా ఆగవద్దు.