వేలితో గీస్తే గీత ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: బ్రౌజర్‌లో పీడీఎఫ్ మీద గీతలు గీసే టూల్ రాస్తున్నాం. మౌస్‌తో బాగానే పడుతోంది. ఫోన్‌లో మాత్రం కొద్దిగా గీత పడగానే ఆగిపోయి పేజీ జరిగిపోతోంది. టచ్‌మూవ్‌లో (వేలు కదిలినప్పుడు వచ్చే ఈవెంట్) ప్రివెంట్‌డిఫాల్ట్ (బ్రౌజర్ తన సొంత పని చేయకుండా ఆపే పిలుపు) పెట్టినా లాభం లేదు.

జవాబు: ఆ లిజనర్‌ను, అంటే ఈవెంట్ రాగానే నడిచే కోడ్‌ను, డాక్యుమెంట్‌కే తగిలించి ఉంటారు. 2017లో వచ్చిన క్రోమ్ 56 నుంచి విండో, డాక్యుమెంట్, బాడీల మీది టచ్‌మూవ్ లిజనర్లు వాటంతటవే పాసివ్ అయిపోతాయి. అందులో ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిచినా చెల్లదు.

మౌస్‌కో కోడ్, టచ్‌కో కోడ్ మానేసి, రెండింటికీ ఒకే కోడ్‌తో సరిపోయే పాయింటర్ ఈవెంట్లకు మారండి. అంతటితో గీత అతకదు, ఎందుకంటే వేలు కదలగానే అది స్క్రోల్ అని బ్రౌజర్ తేల్చుకుంటే పాయింటర్‌క్యాన్సెల్ పంపేస్తుంది, ఆపైన పాయింటర్‌మూవ్‌లు రావు. మీ గీత తెగేది సరిగ్గా అక్కడే. దీనికి మందు సీఎస్‌ఎస్‌లో ఉంది: గీసే పొరకు టచ్-యాక్షన్ విలువ నన్ అని పెట్టండి. వేలు ఆనాక పెడితే ఆ గీతకు పనిచేయదు. మీ టూల్‌లో పెన్ను బటన్ ఎంచుకున్నప్పుడే పెట్టి, ఆ ఎంపిక తీసేయగానే తీసేయాలి. తీయడం మరిచిపోతే చదివేవాళ్లు ఆ పేజీని వేలితో జరపలేక అవస్థ పడతారు.

పాయింటర్‌డౌన్‌లోనే సెట్‌పాయింటర్‌క్యాప్చర్ (ఆ పాయింటర్ ఈవెంట్లన్నీ ఆ పొరకే వచ్చేలా చేసే పిలుపు) పిలవండి. లేకుంటే మౌస్ బటన్‌ను పేజీ బయట వదిలినప్పుడు ఆ పొరకు పాయింటర్‌అప్ అందదు, బటన్ వదిలేసినా గీత కర్సర్ వెంట పడుతూనే ఉంటుంది. మొదటి పాయింటర్ఐడీని (ఆనిన ఒక్కో వేలికి బ్రౌజర్ ఇచ్చే నంబర్) గుర్తుపెట్టుకుని మిగతావాటిని వదిలేయండి, అరచేయి ఆనినా అడ్డగీతలు పడవు. క్యాన్సెల్ వస్తే సగం గీతను చెరిపేయడమే మేలు, సేవ్ చేయకండి.

ప్రశ్న: హైలైట్ చేసిన చోట అక్షరాలు మళ్లీ సెలెక్ట్ కావడం లేదు. జూమ్ చేస్తే హైలైట్ పక్కకు పోతోంది.

జవాబు: పైనున్న హైలైట్ పొర కింది టెక్స్ట్ పొరకు ఈవెంట్లు చేరనివ్వడం లేదు. దానికి పాయింటర్-ఈవెంట్స్ నన్ ఇవ్వండి. హైలైట్ మీద క్లిక్ పడిందా లేదా అన్నది దాచుకున్న హైలైట్ దీర్ఘచతురస్రాలతో పోల్చి మీరే తేల్చుకోవాలి.

రెండోది, స్క్రీన్ పిక్సెళ్లను సేవ్ చేస్తున్నందువల్ల. పీడీఎఫ్ కొలత అంగుళానికి 72 పాయింట్లు, సున్నా ఎడమవైపు కింది మూలన. పీడీఎఫ్.జేఎస్‌లో (బ్రౌజర్‌లో పీడీఎఫ్ చూపించే లైబ్రరీ) స్కేల్ 1.5 ఉన్న ఏ4 పేజీలో, పేజీ ఎడమ పైమూల నుంచి 300, 150 పిక్సెళ్ల దగ్గర క్లిక్ పడిందనుకోండి. రెండింటినీ 1.5తో భాగిస్తే 200, 100. అడ్డం 200, నిలువు పేజీ ఎత్తు 842 పాయింట్ల లోంచి 100 తీసేయగా 742. దాచాల్సింది ఈ రెండు అంకెలే. తిప్పిన పేజీల్లో ఈ లెక్క కుదరదు కాబట్టి పీడీఎఫ్.జేఎస్‌లోని కన్వర్ట్‌టూపీడీఎఫ్‌పాయింట్ ఫంక్షన్‌కే అప్పగించండి.