వైన్‌కి మార్కులేసే ఉద్యోగం చేస్తానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయికి ఇరవై ఏళ్లు. గుంటూరులో పుట్టి పెరిగాడు, ఇప్పుడు హోటల్ మేనేజ్‌మెంట్ మూడో ఏడాది. రీల్స్‌లో వైన్లకు 95, 96 అని మార్కులేసేవాళ్లను చూసి, తనూ వైన్ రుచి చూసి చెప్పే వైన్ టేస్టర్ అవుతానంటాడు. ఎంబీఏ చేయించాలని మావారి పట్టుదల. రెండిట్లో ఏది మేలు? రేపు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు వాడి ఉద్యోగం ఏమిటని చెప్పుకోవాలి?

జవాబు: మీ మెయిల్లో ఎంబీఏ గురించి ఒక్క ముక్కే ఉందమ్మా. మిగతాదంతా సంబంధాల బెంగే. దాని వెనక ఉన్నది కొడుకు తాగుడు నేర్చుకుంటాడన్న భయం. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ పనిలో మింగరు, ఉమ్మేస్తారు. గ్లాసులో అడుగున కొంచెం పోసి, తెల్లకాగితం మీదికి వాల్చి అంచున రంగు చూస్తారు. గ్లాసు తిప్పి వాసన చూస్తారు. చిన్న గుక్క నోట్లోకి తీసుకుని, కాస్త గాలి పీల్చి, నాలుకంతా తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. ఆ తర్వాత రుచి ఎంతసేపు నిలిచిందో లెక్క చూసుకుంటారు. పులుపు, వగరు, తీపి, ఆల్కహాల్ ఒకదాన్నొకటి తొక్కేయకుండా ఉన్నాయా లేదా అన్నది రాసుకుంటారు. వరసపెట్టి పదుల కొద్దీ వైన్లు చూడాల్సినవాడు మింగుతూ పోతే మధ్యాహ్నానికి పెన్ను కూడా పట్టుకోలేడు. అలాగని చుట్టూ మద్యం ఉండే వృత్తిలో జాగ్రత్త అక్కర్లేదని నేననను. ఆ జాగ్రత్త హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేర్చిన రోజే మొదలవ్వాలి కదా!

ఇక మీవాణ్ణి ఊరిస్తున్న ఆ 95, 96 మార్కుల సంగతి. అమెరికాలో రాబర్ట్ పార్కర్ అనే వైన్ విమర్శకుడు 1978లో మొదలుపెట్టిన పత్రికతో ఈ నూరు మార్కుల పద్ధతి పేరుకెక్కింది. అందులో 50 మార్కులు ఊరికే వస్తాయి, మన ఇంటర్నల్స్ లాగా. రంగుకి 5, వాసనకి 15, రుచికీ అది నిలిచే తీరుకీ 20, మొత్తంమీద నాణ్యతకి 10. బ్రిటన్ వైన్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్‌సన్ లాంటి వాళ్లు 20కే వేస్తారు.

ఈ మార్కుల మీద నాకు అనుమానాలున్నాయి. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆయన ఒకే సీసాలోని వైన్‌ని జడ్జీలకు చెప్పకుండా మూడుసార్లు ఇప్పించాడు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒకే వైన్‌కి ఒకే మనిషి వేసిన మార్కులు నాలుగు అటూ ఇటూ ఊగడం మామూలేనని తేలింది. నిలకడగా వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరు. అంతకంటే పెద్ద చిక్కు, రేటింగులు రాసి బతికే ఉద్యోగం మన దేశంలో దాదాపు లేదు. ఉన్నవి నాసిక్‌లో వైన్ తయారుచేసే వైనరీల్లో, దిగుమతిదారుల దగ్గర, పెద్ద హోటళ్లలో. అక్కడ చాలావరకు అమ్మకం పనే. రుచి చూడటం అందులో ఒక భాగం. రీల్స్‌లో ఈ సంగతి చెప్పరు.

అయినా చదువు మాత్రం గట్టిదే. వైన్ చదువు చెప్పే లండన్ సంస్థ డబ్ల్యూఎస్ఈటీ కోర్సులు మన దేశంలోనూ ఉన్నాయి. పై మెట్టు, వేరే సంస్థ ఇచ్చే 'మాస్టర్ ఆఫ్ వైన్' పట్టా. అందులో పేర్లు చెప్పకుండా 36 వైన్లు ఇచ్చి ఎక్కడివో, ఎలా చేశారో రాయమంటారు. 2016లో సోనల్ హోలండ్ ఆ పట్టా అందుకున్న తొలి భారతీయురాలు. ఒక ఆడపిల్ల సాధించి గౌరవం తెచ్చుకుంటే, మీరేమో ఇంకా కుదరని సంబంధంవాళ్లు ఏమనుకుంటారో అని ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి ఎంబీఏలో పడేస్తామంటున్నారు. ఇదేం న్యాయమమ్మా? వాడికి ఇందులో ఏం నచ్చిందో ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగారా?

పోల్చమన్నారు కాబట్టి చెబుతున్నా: రెండేళ్లు హోటల్లో పనిచేశాక ఎంబీఏ ఎప్పుడైనా చేసుకోవచ్చు, వైన్ కోర్సు దానికి అడ్డం రాదు. రుచి చూసే పనే ఇష్టమైతే కాఫీ కూడా ఉంది. బెంగళూరులో కాఫీ బోర్డు నాణ్యత మీద పీజీ డిప్లొమా నడుపుతోంది. అక్కడా మార్కులే, నూటికి 80 వస్తే స్పెషాలిటీ, అంటే మేలురకం అంటారు. మన అరకు కాఫీని ఆ కొలతతో చూసేవాళ్లు కావాలి. దీనికి మీ చుట్టాలు కూడా అభ్యంతరం చెప్పరు.

ఆంధ్రలో మద్యానికి చట్టం పెట్టిన వయసు 21. వాడికి అది వచ్చేదాకా పైసా కట్టకండి. ఈలోపు డిగ్రీ పూర్తిచేయమనండి, ఇంట్లో నాలుగు రకాల కాఫీ పొడులు పెట్టి తేడాలు కాగితం మీద రాయమనండి. నెల తర్వాత కూడా రాస్తూనే ఉంటే ఫీజు సంగతి మాట్లాడుకోండి.